ఊపిరి కత్తిరించిన రోజులు

పోయిన వారం పిల్లల డాక్టరుగారు మా పాప వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, కంగారుపడాల్సిందేమీ లేదుగానీ పాప నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచి దిగుతోందో ఒక్క నిమిషం పాటు లెక్కపెట్టి రోజూ ఒక కాగితం మీద రాయమన్నారు. పాపకి రెండేళ్ళు. నెలరోజులుగా జలుబు వదలటం లేదు, నిద్రలో పిల్లి గురకలాంటి చప్పుడొకటి వస్తోంది. మధ్యాహ్నం పూట దాన్ని పడుకోబెట్టి, గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, దాని పొట్ట మీద చూపు నిలిపి లెక్కపెడతాను. ఒకసారి పెట్టి నమ్మకం కుదరక రెండోసారి, రెండింటికీ తేడా వస్తే మూడోసారి. "డాక్టరుగారు ఒక్క నిమిషం అన్నారు, నువ్వు పూటంతా లెక్కపెడుతున్నావు. దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే" అని మా ఆయన నవ్వుతారు. ఊపిరి చప్పుడు గురించి నాకు ఎంత తెలుసో, తెలిసి కూడా ఒకప్పుడు ఏం చేశానో ఆయనకి ఇంతవరకు చెప్పలేదు.

మొన్న అలా లెక్కపెడుతుండగానే ఫోను మోగింది. నేను పెళ్ళికి ముందు పనిచేసిన రికార్డింగ్ స్టూడియో మాస్టారు. క్షేమసమాచారాలు అడిగి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నానని గ్రహించి పాప పడుకుందా అని అడిగి, తరవాత అసలు సంగతికి వచ్చారు.

"మీ నాన్నగారి సన్నాయి శుభ్రం చేసినప్పుడు, నువ్వు తీసేసిన ఊపిర్లన్నీ ఒక దాంట్లో పడేసేదానివి కదమ్మా, చెత్త అని పేరు పెట్టి. అదేమైనా ఉందా నీ దగ్గర? ఇప్పుడు అందరూ ఊపిరి కావాలంటున్నారు. ఊపిరి లేకపోతే నిజం వాద్యంలా లేదంట."

చూసి చెబుతానండీ అన్నాను. చూడక్కర్లేదు. అది బీరువాలో, పాప పుట్టినప్పటి ఉయ్యాల గుడ్డల కింద, ఒక పాత హార్డ్ డిస్కులో ఉంది. ఆ డిస్కు అక్కడ ఉందని తెలిసి కూడా ఇన్నేళ్ళుగా ఆ అర జోలికి వెళ్ళేటప్పుడు చెయ్యి తగలకుండా చూసుకుంటూ ఉన్నాను.

మాస్టారికి జవాబు చెప్పేలోగా ఇది రాసుకోవాలనిపించింది. పాప పడుకున్నప్పుడల్లా వంటింటి బల్ల దగ్గర కూర్చుని కొంచెం కొంచెంగా రాస్తున్నాను. నా ఈడు వాళ్ళకి కొన్ని సంగతులు విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్ళిపందిట్లో ఒక పక్క డోలు సన్నాయి, ఇంకో పక్క స్టాండు మీద కీబోర్డు, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్న రోజుల్లోనే మనమంతా పావడాలు కట్టుకుని తిరిగాం.

మాది ద్రాక్షారామం దగ్గర ఒక ఊరు. నాన్న సన్నాయి, బాబాయి డోలు. వీళ్ళిద్దరితో పాటు పెదనాన్న ఒత్తు పట్టేవాడు. ఒత్తు అంటే పాట లేని సన్నాయి. మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా ఒక్కటే స్వరం, శ్రుతి కోసం, ఆపకుండా పలుకుతూ ఉండాలి. పెదనాన్న బుగ్గల్లో గాలి నింపుకుని, ఆ గాలి బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి తెచ్చుకునేవాడు. ఆయన పక్కన కూర్చుని ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో కనిపెట్టాలని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ దొరకలేదు. మా మేళంలో యంత్రం మొట్టమొదట తీసేసింది ఆయన్నే. శ్రుతిపెట్టె అని అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి వచ్చింది, స్విచ్చి వేస్తే రోజంతా అదే స్వరం. దానికి ఎవరూ ఏడవలేదు. పెదనాన్నకి పళ్ళు ఊడిపోతున్నాయి, మంచిదేలే అనుకున్నారు. ఆయన కూడా అలాగే అని, ఆ తరవాత కొన్నాళ్ళు మేళం వెళ్ళేటప్పుడల్లా గుమ్మం దాకా వచ్చి నిలబడేవాడు.

తరవాత కీబోర్డు వచ్చింది. నేను మొదటిసారి దాన్ని దగ్గరగా చూసింది మొగల్తూరు వైపు ఒక పెళ్ళిలో. పెళ్ళికొడుకు వాళ్ళు ఆర్కెస్ట్రా మాట్లాడుకున్నారు, పెళ్ళికూతురు వాళ్ళు మా మేళం చెప్పారు. భోజనాల వేళ ఆ కీబోర్డతను సరదాకి నాన్న ఊదిన ముక్కనల్లా అందుకుని తన పెట్టె మీద అనటం మొదలుపెట్టాడు. దాంట్లో షెహనాయ్ అని ఒక టోను ఉండేది, సన్నాయికి బదులు అందరూ దాన్నే వాడేవారు. ఎడమ చేతి కింద చిన్న చక్రం, దాన్ని తిప్పితే స్వరం వంగుతుంది, అదే గమకం. విస్తళ్ళ ముందు జనం నవ్వుతున్నారు. నాన్నకి కోపం రాలేదు. అతను అందుకోగలిగినవే కొన్ని ఇచ్చి, చివర ఒక్క స్వరం పట్టి, దాన్ని మెల్లిగా, మెల్లిగా సన్నం చేసుకుంటూ, ఎక్కడ అయిపోయిందో తెలియకుండా వదిలేశాడు. పందిట్లో సాంబారు గరిట చప్పుడు కూడా ఆగింది. కీబోర్డతను మీట మీద వేలుంచి అలాగే ఉండిపోయి, తరవాత వేలు తీసి నాన్నకి దణ్ణం పెట్టాడు. ఆ పెట్టెలో స్వరం తెగిపోయేదే తప్ప, అలా సన్నబడుతూ పోయేది కాదు.

తిరుగుబస్సులో నాన్న దాని గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు. "బాగానే ఉందిరా. గొంతుంది గానీ దానికి పొట్ట లేదు" అన్నాడు బాబాయితో. బాబాయి మాత్రం డోలు మీద మోచెయ్యి ఆనించి, "లేకపోవటమే మంచిది అన్నయ్యా. పొట్ట లేదు గనక భోజనం పెట్టక్కర్లేదు. మూతి వాయదు, సుస్తీ చెయ్యదు, బస్సు దొరకలేదని అలగదు. అల్లుడికంటే నయం" అన్నాడు. బస్సంతా నవ్వింది. అదే బాబాయి ఆఖరి నవ్వు అని నాటకీయంగా రాయను గానీ, ఆ పై ఏడు నుంచి మాకు పిలుపులు తగ్గిన మాట నిజం.

మేళం వాళ్ళ ఇళ్ళల్లో ఏడాదికి రెండు ముఖాలుంటాయి. ముహూర్తాలున్న నెలల్లో ఇంట్లో జనం నిలవరు, మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా పుష్యమాసం వచ్చినా పని ఉండదు. ఆ ఖాళీ నెలల్లో నాన్న ఊరి బయట రైసుమిల్లుకి కూలికి వెళ్ళేవాడు. తవుడు, ఊక దుమ్ము మధ్య బస్తాలు పట్టటం. సాయంత్రం వచ్చేసరికి కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా పిండి చల్లినట్టుండేవి. ముసలి వేషం వేసుకొచ్చాడని నేను చప్పట్లు కొట్టేదాన్ని. గాబు దగ్గర ముఖం కడుక్కుని, గొంతు సవరించుకుని, సన్నాయికి మూతి దగ్గర ఉండే రెల్లు పీకని నోట్లో నానబెట్టుకుని కాసేపు సాధన చేసేవాడు. మొదట్లో మిల్లు ఏడాదికి మూడు నెలలు. కీబోర్డులు వచ్చాక మంచి ముహూర్తాల్లో కూడా మిల్లే. నేను డిగ్రీలో చేరేసరికి మిల్లు తొమ్మిది నెలలు, సన్నాయి మూడు నెలలు అయింది. అప్పుడు ఇది నాకు లెక్కగా తోచలేదు. ఇప్పుడు ప్రతి అంకె కనిపిస్తోంది.

డిగ్రీ అయ్యాక కంప్యూటర్లో శబ్దాలు సరిచేసే పని నేర్చుకుని రాజమండ్రిలో ఆ స్టూడియోలో చేరాను. మేడ మీద రెండు గదులు, గోడలకి మెత్తని దిళ్ళు, భక్తి పాటలు, ఊరేగింపు పాటలు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు. మాస్టారికి ఒక పెద్ద కీబోర్డు ఉండేది, మద్రాసు నుంచి తెప్పించుకున్నది. దాని మీద ఆయనకి ఉన్న ప్రేమ ఇంట్లో వాళ్ళ మీద కూడా ఉండేది కాదని వాళ్ళావిడే అనేవారు. స్విచ్చి వేసిన మరుక్షణం పలుకుతుంది, కరెంటు పోయొచ్చినా ఏమీ మరిచిపోదు, ఎండలో పెట్టినా వానలో తెచ్చినా మొరాయించదు. కంప్యూటర్లో వాయించే వాద్యాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అవి తెరుచుకోవటానికి కాఫీ తాగొచ్చేంత సేపు పట్టేది, మీట నొక్కాక ఒక రవ్వ ఆగి పలికేవి, సరిగ్గా పాట మధ్యలో బిగుసుకుపోయేవి. "వాయిద్యం అంటే వేలికి జవాబు చెప్పాలమ్మా. ఇదేంటి, గుమాస్తాలాగా ఆలోచించి చెబుతోంది" అనేవారు మాస్టారు.

అయినా ఆయన చెవి అబద్ధం చెప్పేది కాదు. ఒకరోజు పెళ్ళిపాట ఒకటి చేస్తుంటే తన ముద్దుల కీబోర్డు మీద సన్నాయి పెట్టి, నాలుగుసార్లు విని, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశారు. ఆ పెట్టెలో చోటు తక్కువ, కనుక ఎవరో ఒక్క స్వరం ఊదితే దాన్నే పైకి కిందికి సాగదీసి అన్ని మీటలకీ సర్దారు. పైకి వెళితే చంటిపిల్లాడి ఏడుపు, కిందికి వస్తే ఎద్దు రంకె. పైగా ఒకే మీట నాలుగుసార్లు నొక్కితే నాలుగూ అచ్చు ఒకేలా ఉంటాయి. ప్రాణం ఉన్న మనిషి ఒకే స్వరాన్ని రెండుసార్లు ఒకేలా ఊదలేడు. కంప్యూటర్లో చోటుకి కొదవ లేదు. ప్రతి స్వరం విడిగా, మెల్లగా ఒకసారి, మధ్యస్తంగా ఒకసారి, గట్టిగా ఒకసారి, ఒక్కోటి నాలుగేసిసార్లు నిజం మనిషి చేత ఊదించి పెట్టుకుంటే ఇక అది సన్నాయే. మాస్టారు నావైపు తిరిగారు. ఆయన అడగకముందే, మా నాన్న ఊదుతాడండీ అని నేనే అన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆ మాట అన్నప్పుడు నాకున్న సంతోషం కూడా గుర్తుంది. నాన్నకి మిల్లు తప్పుతుంది, నా ఉద్యోగం గట్టిపడుతుంది అనుకున్నాను.

ఇంట్లో బాబాయి ఒప్పుకోలేదు. "నీ గొంతు తీసి నువ్వే వాళ్ళ డబ్బాలో పెట్టొస్తావా అన్నయ్యా? రేపు నిన్నెవడు పిలుస్తాడు?"

"ఇవాళ ఎవరు పిలుస్తున్నార్రా" అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, పిల్ల అడిగింది కదా వెళ్ళనివ్వండి మరిది గారూ అంది. అంతటితో అయిపోయింది.

పదహారు రోజులు పట్టింది. నాన్న పొద్దున్నే ఇస్త్రీ జుబ్బా వేసుకుని, బొట్టు పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టే బస్సులో వచ్చేవాడు. మొదటిరోజు గదిలోకి రాగానే చెప్పులు బయట విడిచి మైకుకి దణ్ణం పెట్టాడు. తలుపు వేసేశాక లోపల తన గుండె తనకే వినిపిస్తోందని ఆశ్చర్యపోయాడు. అద్దానికి ఇటు పక్క నేను, అటు పక్క నాన్న. పాట లేదు, రాగం లేదు. సా అంటే సా, రి అంటే రి. జీవితమంతా ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారటమే నేర్చుకున్న మనిషికి ఏ స్వరానికాస్వరం తెంపి ఇమ్మంటే చేతకాక, మొదటి పూట ప్రతిదానికీ చివర ఒక చిన్న వంపు పెట్టేసేవాడు. వద్దు నాన్నా, తిన్నగా, అని ఆయన హెడ్‌ఫోన్లలో చెప్పేదాన్ని. "తిన్నగా ఊదితే అది రైలుకూత అవుతుందే" అని గొణిగి, తిన్నగా ఊదేవాడు.

స్టూడియో మైకు చాలా మంచిది. పందిట్లో ఎవరికీ వినపడనివన్నీ దానికి వినపడతాయి. ప్రతి స్వరానికీ ముందు నాన్న తీసుకునే ఊపిరి కూడా పడేది. సాయంత్రాలు ఆయన్ని బస్సెక్కించి వచ్చాక నేను చేయాల్సిన పని ఆ ఊపిర్లని కత్తిరించి, స్వరాన్ని మాత్రం ఉంచటం. అప్పట్లో శబ్దం శుభ్రంగా ఉండాలన్నది పట్టుదల. తెర మీద స్వరం నిండుగా, పొట్లకాయలా కనిపించేది. దాని ముందు ఊపిరి చిన్న గరుకు గరుకు మచ్చ. మచ్చ మొదలు నుంచి చివరిదాకా పట్టుకుని తీసేయటమే. తీసేసినవాటిని పారేయకుండా రోజుకొకటి చొప్పున చెత్త అనే ఫోల్డరులో వేసేదాన్ని, పొరపాటున స్వరం ముక్క అందులో పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చని.

ఆరో రోజుకో ఏడో రోజుకో ఆ మచ్చలు పొడుగవటం మొదలైంది. మొదటిరోజు చిటికెనవేలి గోరంత ఉన్నవి వేలంత అయ్యాయి. పదకొండో రోజు వాటి చివర ఇంకొకటి చేరింది: సన్నగా, ఈలలాగా, తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు. అది స్వరం మొదట్లోకి కూడా పాకింది. స్వరం పాడవకుండా దాన్ని విడదీయటం చాలా కష్టమైపోయింది. గంటలో అయ్యే పనికి మూడు గంటలు పట్టేది. నాకు చిరాకు వచ్చింది. ఇది కూడా రాయాలి: నాకు వచ్చింది భయం కాదు, చిరాకు.

పన్నెండో రోజు పొద్దున, నాన్న ఇంకా కుర్చీలో సర్దుకోకముందే అడిగేశాను. "నాన్నా, కాస్త చప్పుడు కాకుండా పీల్చవా? అది తియ్యలేక చచ్చిపోతున్నాను."

"వినబడిపోతోందా తల్లీ?" అన్నాడు, ఏదో తప్పు పట్టుబడినవాడిలా. ఆ రోజు నుంచి ప్రతి స్వరానికీ ముందు సన్నాయి పక్కకి తీసి, భుజం మీది తువ్వాలు మడిచి మూతికి అడ్డం పెట్టుకుని, మైకుకి వీపు తిప్పి ఊపిరి తీసుకుని, మళ్ళీ ఇటు తిరిగి ఊదేవాడు. అద్దం ఇవతల నుంచి చూస్తూ నేను బొటనవేలు పైకెత్తి, బాగుంది అన్నాను.

పదహారో రోజు అయిపోయింది. మాస్టారు శాలువా కప్పి, మిఠాయి పొట్లం ఇచ్చి పంపారు. కంప్యూటర్లో నాన్న సన్నాయి తయారయ్యాక అందరం కూర్చుని విన్నాం. మాస్టారు తన కీబోర్డు మీట నొక్కితే గదిలో నాన్న పలికాడు. నాలుగుసార్లు నొక్కితే నాలుగు రకాలుగా పలికాడు. మాస్టారి కళ్ళు తడిశాయి. నాన్న మాత్రం తల వంచుకుని విని, "బాగుందండి. నేనే గానీ, కుర్రప్పటి నేను" అన్నాడు. ఊపిరి కోసం ఎక్కడా ఆగనవసరం లేని నాన్న. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మూడు నెలల తరవాత నన్ను చూడటానికి వచ్చిన నాన్న స్టూడియో మేడ మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోతే కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ఊపిరి పీల్చి వదలమని, ఇంకోచోట పెట్టి మళ్ళీ పీల్చమని, చివరికి చెవుల్లోంచి అది తీసి మా వైపు చూశాడు. "ఈ ఈల చప్పుడు ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"ఏమోనండీ, ఈ మధ్యనే" అంది అమ్మ. బాబాయి, మాకు తెలియలేదండీ, మనిషి చెప్పడు అన్నాడు.

నాకు తెలుసు. ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఏ రోజున మొదలైందో, ఏ స్వరం ముందు మొదలైందో, అది తెర మీద ఏ ఆకారంలో ఉంటుందో, రోజుకెంత పెరిగిందో కూడా నాకు తెలుసు. పదహారు రోజులు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, డాక్టరు కంటే దగ్గరగా, ఒక్కొక్క ఊపిరినీ పదేసిసార్లు విన్నదాన్ని నేను. నోరు విప్పలేదు. మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇంకొంచెం ముందు వచ్చి మిల్లు మానేసి ఉంటే కొన్నేళ్ళు లాగేవాడని డాక్టరు చెబుతుంటే విన్నాను. రికార్డింగు అయిపోయాక ఆ మూడు నెలలూ నాన్న మళ్ళీ మిల్లుకే వెళ్ళాడు.

ఆ ఏడు గోదావరికి వరద రాకముందే నాన్న పోయాడు. పదోరోజున బాబాయి డోలు దింపి వాకిట్లో పెట్టాడు గానీ కొట్టలేకపోయాడు. ఆ తరవాత కూడా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తెలిస్తే అనేవాడేమో. నేను చెప్పలేదు కదా.

ఇప్పుడు రాజమండ్రిలో మేముంటున్న ఇంటి వెనక గోడ అవతల ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాల రోజుల్లో పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి సన్నాయి పెడతారు. అది నాన్నదేనని నాకు రెండు మూడు స్వరాల్లోనే తెలుస్తుంది, గాంధారం కొంచెం పక్కకి వాలి లేస్తుంది. అలా పాటలో పొడుగాటి సంగతి ఒకటి వెళుతుంటే పాలు కలుపుతున్నదాన్ని ఆగిపోతాను. ఇక్కడ ఊపిరి తీయాలి, ఇక్కడ తీయాలి, అని నా పొట్టే బిగుసుకుంటుంది. అది తీయదు. వెళుతూనే ఉంటుంది. చివరికి నేనే పెద్దగా ఊపిరి వదిలి చెంచా కింద పెడతాను. అందుకే కాబోలు మాస్టారిని ఇప్పుడు జనం ఊపిరి అడుగుతున్నారు. ఆ రోజుల్లో శబ్దం శుభ్రంగా ఉండాలని మచ్చలన్నీ తీసేయమన్నారు. ఇప్పుడు నిజం వాద్యంలా వినిపించాలని ఆ మచ్చలే తెచ్చి పెట్టమంటున్నారు. ఆ ఊపిరి తీసుకున్న మనిషి గురించి మాత్రం ఎవరూ అడగరు.

నిన్న మధ్యాహ్నం పాప ఛాతీ లెక్కపెట్టి, కాగితం మీద రాసి, బీరువా తెరిచాను. కంప్యూటరుకి తగిలిస్తే డిస్కు ఇంకా తిరుగుతోంది. చెత్తలో పదహారు ఫైళ్ళు. మొదటిరోజుది పెట్టాను. స్వరాలు లేవు, ఉత్త ఊపిర్లు, ఒకదాని వెనక ఒకటి. నిండుగా, తేలిగ్గా, పొద్దున్నే గట్టు మీద నడిచొచ్చిన మనిషివి. రెండో రోజు, మూడో రోజు అలాగే ఉన్నాయి. తరవాతవి కూడా వరసగా విన్నాను, దాటేయకుండా. పదకొండో రోజు ఈల వచ్చింది. పన్నెండో రోజు నుంచి తువ్వాల్లో నొక్కుకున్న ఊపిర్లు, ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టు.

పదహారో రోజు ఫైలు చివరిదాకా నేను ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం తొందరలో చివరి ముక్కని వినకుండానే ఎత్తి పడేశాను. నిన్న విన్నాను. తువ్వాలు చప్పుడు, ఊపిరి, ఈల, దగ్గు. తరవాత నాన్న గొంతు, మైకుకి దూరంగా, ఆయాసంతో.

"చాలా తల్లీ?"

దాని వెనకే, ఆయన హెడ్‌ఫోన్లలోంచి మైకుకి అందిన నా గొంతు. చలాకీగా, కుర్రతనంగా, పని మీద ధ్యాసగా ఉంది.

"ఇంకొక్కటి నాన్నా."

అంతే. మళ్ళీ తువ్వాలు చప్పుడు.

ఇవాళ పొద్దున మాస్టారికి మొదటి మూడు రోజుల ఫైళ్ళు పంపించాను. మిగతావి చెడిపోయాయండీ అని చెప్పాను. ఇక మీదట ఏ పెళ్ళిలో అయినా ఆ సన్నాయి పాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటే అది మిల్లు దుమ్ము ఇంకా గొంతు పట్టుకోని నాన్న తీసుకునే ఊపిరే. ఆ పదమూడు రోజులూ నా దగ్గరే ఉంటాయి. వాటిని బయటివాళ్ళెవరూ వినక్కర్లేదు. పాప కాగితం డాక్టరుగారికి చూపించేలోగా మా ఆయన్ని కూర్చోబెట్టి అవి వినిపించి, ఇదంతా చెప్పాలి.

మన చిన్నప్పుడు పెళ్ళిలో మేళం వాళ్ళు కాసేపు ఆగి మంచినీళ్ళు తాగేవారు, పీక మార్చుకునేవారు, తువ్వాలుతో మూతి తుడుచుకునేవారు. మనం పిల్లలం చుట్టూ మూగి, ఇంకొక్కటి, ఇంకొక్కటి అని గోల చేసేవాళ్ళం. వాళ్ళు కాదనేవాళ్ళు కాదు. ఇప్పుడు ఎవర్నీ అలా అడగక్కర్లేదు. మీట నొక్కితే చాలు, ఎన్నయినా వస్తాయి, ఎవరూ చాలా అని అడగరు. అది ఎంత సుఖమో కాదో నాకు తెలియదు. పక్కగదిలో పాప దగ్గింది. లేచి, గడియారం తీసుకుని వెళ్ళాలి.